మీటింగుల్లో, పెళ్ళిలో ఫోన్లు: ఎవరినీ నొప్పించకుండా పద్ధతి పెట్టడం ఎలా?

నీలిసిరా

నమస్కారమండీ. మా ఆఫీసులో 24 మంది. ముందు కౌంటరు, వెనక హాలు, పక్కన మీటింగు గది. ఫోన్ల వాడకం మీద ఒక పేజీలో పట్టేంత పద్ధతి రాసే పని నాకు పడింది. "సైలెంట్‌లో పెట్టండి" అనే కాగితం గోడ మీద ఇప్పటికే ఉంది, ఎవరూ పట్టించుకోరు. అడిగితే అందరి జవాబూ ఒకటే: "ఇంటి నుంచి అర్జంటు కాల్ వస్తే?" ఆ మాట కాదనలేను. ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయిద్దామా అని కూడా ఒక ఆలోచన ఉంది.

రెండోది ఇంటి విషయం. ఫిబ్రవరిలో పెళ్ళి, ముహూర్తం ఉదయం 10.42. డాలస్‌లో ఉన్నవాళ్ళకి లైవ్‌లో చూపించాలి. అలాగని జీలకర్ర బెల్లం వేళకి చుట్టాలందరూ ఫోన్లు ఎత్తి మండపం కనపడకుండా చేయకూడదు. చెబితే ఎవరైనా చిన్నబుచ్చుకుంటారేమోనని భయం. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

సర్క్యూట్‌బోర్డు

మీవాళ్ళ జవాబులోనే అసలు సంగతి ఉందండీ. ఫోన్ ఆపనిది మర్యాద తెలియక కాదు, భయంతో. పూర్తి సైలెంట్‌లో ఉంటే ఇంట్లో అమ్మ జారిపడినా తెలియదు, బడి నుంచి పిలిచినా తెలియదు. అందుకని మీ కాగితంలో మొదటి మాటగా "సైలెంట్" అని రాయకండి. "అర్జంటు కాల్ మాత్రం మోగేలా ఫోన్ సర్దుకోండి" అని రాసి, ఆ సర్దడం ఎలాగో మీరే దగ్గరుండి చేయించండి. మనిషికి ఐదు నిమిషాలు పడుతుంది.

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ తెరిచి, పైన వెతికే చోట "డు నాట్ డిస్టర్బ్" (మనం ఎంచుకున్న కాల్స్ తప్ప మిగతావి మోగకుండా ఆపేది) అని కొడితే ఏ కంపెనీ ఫోన్‌లోనైనా దొరుకుతుంది. కొన్నిట్లో సౌండ్ కింద, కొన్నిట్లో నోటిఫికేషన్స్ కింద, కొత్తవాటిలో మోడ్స్ కింద ఉంటుంది. అందులో కాల్స్ దగ్గర "స్టార్డ్ కాంటాక్ట్స్" ఎంచుకోవాలి. తర్వాత కాంటాక్ట్స్‌లో ఇంటివాళ్ళ పేర్లకు నక్షత్రం గుర్తు పెట్టాలి. ఐదారు పేర్లు చాలు. పిల్లల బడి ఆఫీసు, పెద్దవాళ్ళని చూసుకునే మనిషి, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్... ఈ మూడు నంబర్లూ చాలామంది వదిలేస్తారు, అర్జంటు కబురు వచ్చేది ఎక్కువగా వాళ్ళ దగ్గర్నుంచే. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్, ఫోకస్, డు నాట్ డిస్టర్బ్, పీపుల్. అక్కడ ఫేవరెట్స్‌ని అనుమతించాలి. ఒక్క మనిషి కాల్ ఎలాంటి పరిస్థితిలోనైనా మోగి తీరాలంటే ఆ కాంటాక్ట్‌ని ఎడిట్ చేసి, రింగ్‌టోన్‌లోకి వెళ్ళి "ఎమర్జెన్సీ బైపాస్" ఆన్ చేయాలి.

రెండో మెట్టు "రిపీట్ కాలర్స్". ఇది ఆన్‌లో ఉంటే ఆండ్రాయిడ్‌లో ఒకే నంబరు నుంచి 15 నిమిషాల్లోపు రెండోసారి వచ్చిన కాల్ మోగుతుంది. ఐఫోన్‌లో ఆ గడువు 3 నిమిషాలు. ఆసుపత్రి నుంచో, దారినపోయే మనిషి నుంచో కొత్త నంబరుతో వచ్చే కాల్‌కి ఇదే దిక్కు. దీనితో ఒక తలనొప్పి కూడా ఉంది: డెలివరీ అబ్బాయి కూడా వరసగా రెండుసార్లు చేస్తాడు. ఆ రోజు పార్సెల్ రావాల్సి ఉంటే డెలివరీ సూచనల్లో "వాచ్‌మన్ దగ్గర ఇవ్వండి" అని ముందే రాసిపెట్టుకోవాలి.

ఇంటివాళ్ళకి ఒక మాట తప్పకుండా చెప్పమనండి: అర్జంటయితే వాట్సాప్ కాల్ వద్దు, మామూలు కాలే చేయాలి. వాట్సాప్ కాల్ ఈ మినహాయింపుల్లోకి వస్తుందా రాదా అన్నది ఫోన్‌ని బట్టి మారుతుంది. నెట్ లేకపోతే అసలే రాదు.

ఇంత చేశాక కూడా మీటింగులో ఫోన్ మోగిందంటే మూడు కారణాలుంటాయి. ఒకటి అలారం: సైలెంట్‌లో ఉన్నా, డు నాట్ డిస్టర్బ్‌లో ఉన్నా మామూలుగా అలారం మోగుతుంది. మధ్యాహ్నం మందుబిళ్ళకి పెట్టుకున్న అలారాలు సరిగ్గా మీటింగు వేళకే ఉంటాయి. రెండు, మీడియా వాల్యూమ్: రింగ్ ఆపితే ఇది ఆగదు. గ్రూపులో వచ్చిన వీడియో మీద వేలు తగిలితే హాలంతా వినపడుతుంది. వాల్యూమ్ మీట నొక్కి, తెర మీద వచ్చే గీతల్లో మీడియా గీతని విడిగా సున్నాకి దించాలి. మూడు, వైబ్రేషన్. లోపల చిన్న మోటారు అదురుతుంది, చెక్క బల్ల ఆ అదురుని మృదంగం మూతలా పెంచుతుంది. బల్ల మధ్యలో కాన్ఫరెన్స్ మైకు ఉంటే గదిలో వాళ్ళకంటే అవతల ఊళ్ళో వింటున్నవాళ్ళకే ఆ గుర్రుమనే చప్పుడు గట్టిగా వినపడుతుంది. ఫోన్ బ్యాగులోనో జేబులోనో ఉండాలి. బల్ల మీదే పెట్టాలంటే డైరీ మీద పెట్టండి.

డు నాట్ డిస్టర్బ్‌కి గడువు పెట్టడం మరువకండి, గంట చాలు. లేకపోతే మీటింగు అయ్యాక తీయడం మర్చిపోతారు, సాయంత్రానికి పది మిస్డ్ కాల్స్ ఉంటాయి, మర్నాటి నుంచి దాని జోలికే పోరు.

రెండోషిఫ్టు

బుట్ట వద్దండీ. పాతిక ఫోన్లు ఒకచోట వేస్తే గీతలు పడతాయి, ఒకరిది ఒకరు తీసుకుపోతారు, దేనికైనా పూచీ మీదే అవుతుంది. పైగా వయసులో పెద్దవాళ్ళకి చంటిపిల్లల చేతిలోంచి బొమ్మ లాక్కున్నట్టు ఉంటుంది.

దానికి బదులు మీటింగు పెట్టినవారు మొదటి నిమిషంలోనే అడగాలి: "ఇవాళ ఎవరైనా కాల్ కోసం చూస్తున్నారా?" ఉన్నవాళ్ళు చెప్పి తలుపు పక్క కుర్చీలో కూర్చుంటారు. కాల్ వస్తే అనుమతి అడగక్కర్లేదు, లేచి బయటికెళ్ళి, తలుపు మూసుకున్నాక ఎత్తాలి. కుర్చీలోంచి లేస్తూ "ఆ... చెప్పు... ఒక్క నిమిషం" అని గొణగడమే అందరి ధ్యాసా చెడగొట్టేది. మీటింగు గంట దాటేట్టుంటే మధ్యలో ఐదు నిమిషాలు విరామం ఇవ్వండి. పది నిమిషాల్లో విరామం ఉందని తెలిస్తే ఎవరూ బల్ల కింద ఫోన్ చూడరు.

ఫోన్‌లో నోట్సు రాసుకునేవాళ్ళు ఆ సంగతి ముందే పైకి చెప్పాలి. చెప్పకపోతే మాట్లాడే మనిషికి వాళ్ళు చాటింగ్ చేస్తున్నట్టే కనపడుతుంది.

కౌంటరుది వేరే లెక్క. ఎదురుగా నిలబడ్డ మనిషి ఎండలో బస్సు దిగి, క్యూలో నిలబడి వచ్చాడు. ఫోన్ చేసినవారు కూర్చున్న చోట నుంచే చేశారు. కాబట్టి ముందు ఎదుటి మనిషి. కౌంటరులో ఫోన్ మోగితే కట్ చేసి ఊరుకోకుండా జవాబు సందేశం పోవాలి. కాల్ వస్తున్నప్పుడు తెర మీద మెసేజ్ గుర్తు ఉంటుంది, ముందే రాసిపెట్టిన వాక్యాలు అందులో వస్తాయి. గూగుల్ ఫోన్ యాప్‌లో సెట్టింగ్స్, క్విక్ రెస్పాన్సెస్‌లో నాలుగు వాక్యాలు మార్చుకోవచ్చు. ఐఫోన్‌లో ఫోన్ సెట్టింగ్స్ కింద "రెస్పాండ్ విత్ టెక్స్ట్"లో మూడు. వాటిని తెలుగులో రాసుకోండి: "కౌంటరులో ఉన్నానండీ, 1.30కి నేనే చేస్తాను." టైము రాయడం ముఖ్యం. "తర్వాత చేస్తా" అంటే ఆ తర్వాత ఎప్పుడో తెలియక అవతలివారు పావుగంటకోసారి చేస్తూనే ఉంటారు.

హాల్లో కూర్చుని మాట్లాడే కాల్స్‌కి నా సలహా రెండు నిమిషాల కొలత. అంతకు మించేట్టుంటే లేచి వరండాలోకి వెళ్ళాలి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్ళ గొంతు వాళ్ళకి తెలియకుండానే పెరుగుతుంది, చెవులు మూసుకుపోయి తమ గొంతు తమకి సరిగ్గా వినపడదు కాబట్టి. ఒక చెవి వదిలేస్తే సగం గోల తగ్గుతుంది.

నీలిసిరా

ఇద్దరికీ ధన్యవాదాలండీ. బుట్ట ఆలోచన మానేశాను. ఒక చిక్కు: మా పై అధికారి ఏ విషయానికైనా వరసగా రెండు మూడుసార్లు చేస్తారు. అప్పుడు రిపీట్ కాలర్స్ వల్ల ఉపయోగం పోదా? ఇంకోటి, రాత్రి తొమ్మిదికి కూడా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పని సంగతులు పడుతుంటాయి.

రెండోషిఫ్టు

పోతుంది. అందుకే ఆ ఒక్క నియమం పేజీలో అన్నిటికంటే పైన ఉండాలి: "వరసగా రెండో కాల్ అంటే ప్రమాదం లేదా ఇప్పటికిప్పుడు ఆగిపోయే పని. మిగతావాటికి ఒక్క కాల్, తర్వాత ఒక సందేశం." దీన్ని అధికారి చేతే చెప్పించండి. "మీ మీటింగుల్లో ఫోన్లు మోగకుండా ఉండాలంటే ఈ ఒక్కటీ మీ నోటి నుంచి రావాలి సార్" అంటే కాదనరు, లాభం ఆయనకే కదా.

ఆ సందేశంలో నాలుగు విషయాలుండాలి: ఎవరు, ఏ పని, ఎంతసేపు, ఎప్పటిలోగా. "సార్, కరీంనగర్ బిల్లులో తేడా ఉంది, మూడు నిమిషాలు మాట్లాడాలి, నాలుగులోగా వీలు చూడండి." ఇది చూసిన మనిషి మీటింగులోంచి లేవాలో అక్కర్లేదో తెరవైపు ఒక్క చూపులో తేల్చుకుంటాడు. "హాయ్ సార్" అని పంపి జవాబు కోసం కూర్చుంటే ఇద్దరి సమయమూ దండగ. మిస్డ్ కాల్ ఇచ్చి వదిలేయడం కూడా ఇప్పుడు పనికిరాదు. ఒకప్పుడు కాల్ ఖరీదు కాబట్టి దానికి అర్థం ఉండేది. ఇప్పుడు ఎందుకు చేశారో తెలియక అవతలి మనిషి కంగారు పడడమే మిగులుతుంది.

గ్రూపు సంగతి. ఒకటున్న చోట రెండు చేయండి. ఒకటి నోటీసులకి: గ్రూప్ ఇన్ఫోలో పర్మిషన్స్ తెరిచి, సందేశాలు అడ్మిన్లు మాత్రమే పంపేలా పెట్టండి. రెండోది మాటామంతీకి, దాన్ని ఎవరైనా మ్యూట్ చేసుకోవచ్చు, ఎందుకు చూడలేదని అడగకూడదు. నోటీసు చూశామని చెప్పడానికి బొటనవేలు రియాక్షన్ చాలు. ఇరవైనాలుగు "ఓకే సార్"లు పడితే అసలు నోటీసు పైకి ఎక్కడికో పోతుంది. ఒకరికే సంబంధించిన లోపాన్ని గ్రూపులో ఎత్తకండి. ఆ సందేశాన్ని నొక్కిపట్టి "రిప్లై ప్రైవేట్లీ" అంటే వాళ్ళకొక్కళ్ళకే పోతుంది.

రాత్రి తట్టిన పనిని రాత్రే రాసుకోవచ్చు, పంపేది మాత్రం పొద్దున. జీమెయిల్‌లో షెడ్యూల్ సెండ్ ఉంది. గూగుల్ మెసేజెస్‌లో ఎస్సెమ్మెస్‌కి కూడా పంపే మీటని నొక్కిపడితే టైము పెట్టుకోవచ్చు.

వాయిస్ మెసేజ్‌లో అంకెలు, అడ్రసులు, తేదీలు చెప్పకండి. తర్వాత వెతికితే దొరకవు, ప్రతిసారీ మొదటి నుంచి వినాలి.

పందిరిగుంజ

పెళ్ళి సంగతి నేను చెప్తాను.

అడ్డుతెరకి ఒకవైపు పెళ్ళికొడుకు, ఒకవైపు పెళ్ళికూతురు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఒకరి తల మీద ఒకరి చేయి. ఇద్దరినీ ఒకే ఫొటోలో పట్టాలంటే కెమెరా తెరకి అడ్డంగా, పక్క నుంచి ఉండాలి. ఎదుట నుంచి తీస్తే తెర అంచో, ఎవరి వీపో వస్తుంది. ఉన్నది ఆ ఒక్క పక్క సందు. చుట్టాల చేతులు చాచేదీ అందులోకే. ఫోన్ ఎత్తిన చేయి సరిగ్గా పెళ్ళికూతురి ముఖం ఎత్తుకి వస్తుంది. ఫోన్ టార్చి వేసి వీడియో తీస్తే ఆ తెల్లని వెలుగు ఒక చెంప మీద పడి, పసుపు రాసిన ముఖం ఆ పక్క పాలిపోయినట్టు వస్తుంది. దాన్ని తర్వాత దిద్దడం చాలా కష్టం.

కాబట్టి "ఫోన్లు నిషేధం" అనే బోర్డు వద్దు, శుభకార్యంలో ఆ మాటే బాగుండదు. ఇలా చేయండి. ముహూర్తానికి పది నిమిషాల ముందు అక్షింతలు పంచేయండి, దోసిలి నిండా ఇవ్వండి. రెండు చేతులూ నిండితే ఫోన్ దానంతటదే జేబులోకి పోతుంది. మామూలుగా అక్షింతలు ఆఖరి నిమిషంలో ఒక్కొక్కరికీ చిటికెడు వస్తాయి, ఒక చేత అక్షింతలు, ఇంకో చేత ఫోన్... విసిరినవి ముందు వరస పెద్దవాళ్ళ మీద పడతాయి. తర్వాత పురోహితులు గారి చేత మైకులో ఒక్క మాట చెప్పించండి: "అందరూ కూర్చుని, కళ్ళారా చూసి దీవించండి. ఫొటోలు సాయంత్రానికి అందరికీ అందుతాయి." ఇంటివాళ్ళు చెబితే నొచ్చుకునేవాళ్ళు కూడా ఆయన చెబితే నొచ్చుకోరు. ఆ మాట నిలబడాలంటే ఫొటోగ్రాఫర్‌తో ముందే మాట్లాడి, ఓ 30 ఫొటోలు అదే రోజు లింకులో పెట్టించండి. మేనమామ వైపు నుంచి ఒకరు, మేనత్త వైపు నుంచి ఒకరు ఫోన్‌తో తీసేలా ముందే ఒప్పించండి, ఫ్లాష్ లేకుండా. మాంగల్యధారణ, తలంబ్రాల తర్వాత ఎవరిష్టం వాళ్ళది, అప్పుడు అందరినీ తీసుకోనివ్వండి.

ఇక లైవ్. 10.42 ముహూర్తం అంటే ఫిబ్రవరిలో డాలస్‌లో ముందురోజు రాత్రి 11.12. అక్కడ తేదీ కూడా వేరు, లింకు పంపేటప్పుడు రెండు ఊళ్ళ తేదీ, వారం, సమయం రాయండి. (మార్చి రెండో ఆదివారం దాటి నవంబరు మొదటి ఆదివారం లోపు అయితే అక్కడ గడియారం గంట ముందుకి ఉంటుంది, అప్పుడు అదే అర్ధరాత్రి దాటి 12.12 అవుతుంది, తేదీ ఇక్కడిదే.)

ఎవరో ఒకరు చేత్తో పట్టుకుని వీడియో కాల్ చేయడం వద్దు. అవతల నుంచి "కనపడట్లేదు, కొంచెం పక్కకి" అనే కేకలు మంత్రాల మధ్య వినపడతాయి. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ లైవ్ (లింకు ఉన్నవాళ్ళే చూడగలిగేది) పెట్టండి. కొత్త ఛానెల్‌కి లైవ్ అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టొచ్చు, అందుకని వారం ముందే మొదలుపెట్టండి. 720పీ నాణ్యతకి అప్‌లోడ్ వేగం నిలకడగా 5 ఎంబీపీఎస్ ఉంటే చాలు. అయితే ఖాళీ హాల్లో చూసిన వేగం పెళ్ళిరోజు ఉండదు, మూడొందల ఫోన్లు అదే టవర్ మీద పడతాయి. హాలువాళ్ళ వైర్ ఇంటర్నెట్ అడగండి. లేకపోతే రెండు వేర్వేరు కంపెనీల సిమ్ములతో హాట్‌స్పాట్‌లు సిద్ధంగా పెట్టుకోండి. లైవ్ తీసే ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైఫై మాత్రం ఆన్ చేయాలి. కాల్ వస్తే లైవ్ ఆగిపోతుంది, పెళ్ళిరోజు కాల్స్ వస్తూనే ఉంటాయి కదా. స్టాండు, ఛార్జింగు వైరు తప్పనిసరి. బ్యాండువాళ్ళు సినిమా పాట వాయిస్తే కాపీరైట్ కింద లైవ్ మధ్యలో ఆపేసే ప్రమాదం ఉంది. ముహూర్తం చుట్టుపక్కల గట్టిమేళం, కీర్తనలే వాయించమని చెప్పండి.

మధ్యబెర్తు

ఎవరూ ఎత్తని ఒక సంగతి: స్పీకర్. అవతలివారికి తెలియకుండా స్పీకర్‌లో పెట్టడం అన్నిటికంటే పెద్ద తప్పు నా దృష్టిలో. ఫోన్ ఎత్తగానే మొదటి మాట అదే కావాలి: "అత్తయ్యా, మీరు స్పీకర్‌లో ఉన్నారు, పక్కన బావగారు, పిల్లలు ఉన్నారు." ఆ తర్వాతే కుశల ప్రశ్నలు. చెప్పకపోతే ఆవిడ అప్పు సంగతో, ఆరోగ్యం సంగతో ఎత్తేస్తారు, తర్వాత వెనక్కి తీసుకోలేరు.

పెద్దవాళ్ళు బస్సులో, రైల్లో స్పీకర్ పెట్టేది చాలాసార్లు వినపడకే. "గట్టిగా మాట్లాడకండి" అని కసురుకుంటే ఏం లాభం లేదు. కాల్ నడుస్తుండగా పక్క మీటతో వాల్యూమ్ పెంచి చూపించండి, మైకున్న వైరు ఇయర్‌ఫోన్ ఒకటి కొనివ్వండి. రైల్లో రాత్రి పది తర్వాత గట్టిగా ఫోన్లో మాట్లాడకూడదని, ఇయర్‌ఫోన్ లేకుండా పాటలు పెట్టకూడదని రైల్వే 2022లోనే చెప్పింది. ముందు మర్యాదగా అడగండి, వినకపోతే టీటీఈకి చెప్పండి, లేదా 139కి చేయండి. వాయిస్ మెసేజ్‌కి అయితే చిట్కా సులువు: ప్లే నొక్కి ఫోన్‌ని మామూలు కాల్‌లా చెవికి ఆనిస్తే శబ్దం చెవి దగ్గరి స్పీకర్‌లోకి మారిపోతుంది.

బండి మీదున్న మనిషికి ఫోన్ చేసినప్పుడు హారన్లు వినపడితే మనమే "ఆగాక చేయండి" అని పెట్టేయాలి. చేతిలో ఫోన్‌తో బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత, మొదటిసారి జరిమానాయే 1,000 నుంచి 5,000 రూపాయలు, జైలుశిక్ష కూడా పడొచ్చు.

పరామర్శకి వెళ్ళేముందు ఫోన్ బండిలోనే పెట్టేయడం మంచిది. ఎవరైనా పోయిన ఇంట్లో వాళ్ళ ఫోన్‌కి సినిమా పాట కాలర్ ట్యూన్ ఉందేమో ఇంటికి దగ్గరివాళ్ళెవరైనా చూసి, వాళ్ళ సిమ్ కంపెనీ యాప్‌లో ఆపించాలి. పరామర్శకి చేసే ప్రతి ఒక్కరికీ ఆ పాట వినపడుతుంది, ఆ ఇంటివాళ్ళకి మాత్రం తెలియదు.

నీలిసిరా

అక్షింతల ఉపాయం ఇంట్లో అందరికీ నచ్చింది. పంతులుగారితో ఇవాళే మాట్లాడతాను. ఆఫీసు పేజీ కూడా దాదాపు అయింది. ఒక్కటి మిగిలింది: స్మార్ట్ వాచీలు. ఫోన్ బ్యాగులో ఉన్నా చేతికి వైబ్రేషన్ వస్తుంది, మనిషి మణికట్టు చూస్తాడు.

సర్క్యూట్‌బోర్డు

అది ఫోన్ చూడడం కంటే ఘోరంగా కనపడుతుందండీ. ఎదుటివారు మాట్లాడుతుండగా మణికట్టు చూస్తే "ఇంకెంతసేపు?" అని అడిగినట్టే ఉంటుంది, ముఖ్యంగా వాచీలో సందేశాలు వస్తాయని తెలియని పెద్దవాళ్ళకి. వాచీలో డు నాట్ డిస్టర్బ్ విడిగా ఉందో, ఫోన్‌తో కలిసి నడుస్తుందో ముందు చూసుకోండి. వాచ్ యాప్‌లో ఫోన్ మోడ్‌ని అనుసరించే ఎంపిక ఉంటే ఆన్ చేయండి. యాపిల్ వాచీలో అయితే రెండు ముసుగుల బొమ్మ ఉన్న థియేటర్ మోడ్ నొక్కితే చేయి తిప్పినా తెర వెలగదు, చప్పుడు రాదు. అందులో చేతికి అదురు మాత్రం తెలుస్తుంది, అదీ వద్దంటే డు నాట్ డిస్టర్బ్ కూడా వేయాలి.

పేజీ అంటించే ముందు ఒక పరీక్ష చేయండి. ఫోన్లు సర్దిన రోజునే, ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, నక్షత్రం లేని నంబరు నుంచి ఒకసారి, వెంటనే రెండోసారి, ఆ తర్వాత నక్షత్రం ఉన్న నంబరు నుంచి ఒకసారి చేయించండి. మొదటిది మోగకూడదు, మిగతా రెండూ మోగాలి. రెండు సిమ్ములున్నవాళ్ళు రెండు నంబర్లకీ చేసి చూసుకోవాలి. తన ఫోన్ మోగడం కళ్ళతో చూసినవాళ్ళకి ఇంక చెప్పాల్సింది ఉండదు, చూడనివాళ్ళు మళ్ళీ బల్ల మీదే పెట్టుకుంటారు.